బొమ్మలో ఉన్న ప్రతి జపాన్ స్త్రీ గీషా కాదు

సంపాదకులకు,

నగరంలోని ఒక స్టార్ హోటల్లో జపాన్ సొగసుగత్తెల చిత్రాల ప్రదర్శన నడుస్తోంది. హెయాన్ కాలపు (9-12 శతాబ్దాల) రాచకొలువు నుంచి 1930ల టోక్యో వీధుల దాకా అక్కడి ఆడవాళ్ల కట్టూ అలంకారమూ ఎలా మారాయో చూపించాలని ఉద్దేశం. హోటళ్లలో ఇలాంటివి పెట్టడం కొత్తేమీ కాదు. టోక్యో మెగురోలోని హోటల్ గజోయెన్‌లో 1935 నాటి చెక్క భవనం ఉంది. 99 మెట్ల వెంబడి ఉన్న ఏడు గదుల్లో 2025లో హోటల్ మూతపడేదాకా ప్రదర్శనలు పెడుతుండేవారు. మన దగ్గరా పెట్టినందుకు సంతోషమే. చిక్కల్లా బొమ్మల కింద అతికించిన చీటీలతోనే. సగానికి పైగా చీటీల్లో ఉన్నది ఒకటే మాట: గీషా.

ఉకియో-ఎ అనే జపాన్ చెక్క అచ్చుబొమ్మల్లో మనిషిని ముఖం చూసి పోల్చలేం. 18వ శతాబ్దపు చిత్రకారుల్లో హరునొబు గీసినా ఉతమారో గీసినా ముఖాలన్నీ ఇంచుమించు ఒకే పోతలో పోసినట్టుంటాయి. ఓబీ ముడి, కిమోనో చేతుల పొడవు, జుట్టు, పళ్లు చూడాలి. ఓబీ అంటే నడుముకు చుట్టే వెడల్పాటి పట్టీ. దాని ముడి ముందుకు వేలాడుతూ, తలనిండా పెద్దపెద్ద పిన్నులు గుచ్చుకుని, ఎత్తు పావుకోళ్ల మీద నిలబడితే ఆమె ఒయిరన్, అంటే యోషివారా వేశ్యవాటికలో పైహోదా వేశ్య. గీషా పాటకత్తె, షమిసెన్ అనే మూడు తంత్రుల వాద్యం వాయిస్తుంది, ఓబీ వెనక్కి కడుతుంది, అలంకారమూ తక్కువే. చేతుల గుడ్డ మోకాళ్లు దాటి వేలాడితే అది ఫురిసోదె, వేసుకున్నది పెళ్లికాని పిల్ల. పళ్లు నల్లగా ఉండి కనుబొమలు తీసేసి ఉంటే పిల్లల తల్లి. ఒక్క గుర్తు పట్టుకుని తేల్చేయకూడదు సుమా. ముందు ముడి ఒకప్పుడు పెద్దవయసు ఇల్లాళ్లూ వేసేవారు, పళ్లు వేశ్యలూ నలుపు చేసుకునేవారు. రెండు మూడు గుర్తులు కలిస్తేనే చీటీ రాయాలి.

నల్లటి పళ్లున్న ఒక బొమ్మ కింద ‘కాలక్రమంలో దెబ్బతిన్న చిత్రం’ అని ఉంది! దెబ్బతినలేదండీ. ఇనుప ముక్కలు పులుపులో ఊరబెట్టిన నీళ్లకు వగరు పొడి కలిపి పళ్లకు పూసుకునేవారు. మన కలంకారీ నలుపుదీ ఇదే సూత్రం. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే నలుపు తేలుతుంది. 1873లో జపాన్ సామ్రాజ్ఞి తెల్లటి పళ్లతో కనిపించాకే పెద్దింటి ఆడవాళ్లలో ఆ అలవాటు తగ్గుతూ వచ్చింది.

ఇక లాబీలోని నిలువెత్తు ఫ్లెక్సీ. డిజైన్‌కి సరిపోతుందనో ఏమో, బొమ్మను కుడిఎడమలు తిప్పేశారు. దాంతో కిమోనో కుడి అంచు పైకి వచ్చింది. జపాన్‌లో అలా కట్టేది శవానికి మాత్రమే. ఎడమ అంచే పైన ఉండాలని 719లోనే రాజాజ్ఞ ఉంది. సరిచూసుకోవడం తేలిక. బొమ్మకెదురుగా నిలబడితే మన కుడిచేతి వైపు నుంచి వచ్చే అంచు పైన కనిపించాలి. పక్కనే సెల్ఫీల కోసం సందర్శకులకు కిమోనో తొడిగే చోటా ఇదే పొరపాటు. అక్కడి సిబ్బందికి వరస నేర్పితే చాలు. ముందు కుడి అంచును ఎడమ నడుము మీదికి తేవాలి, దాని మీదికి ఎడమ అంచు. కిమోనో పొడవు దాదాపు మనిషి ఎత్తంత ఉంటుంది కాబట్టి కుచ్చిళ్లు ఎత్తినట్టు మిగులు గుడ్డను నడుము దగ్గరికి లాగి, అంచు చీలమండను తాకేలా పట్టుకుని, నాడా కట్టాలి. మిగులును నాడా మీదుగా మడిచి కిందికి దించాలి. ఆ పైన ఓబీ. నడుము సన్నగా ఉన్నవారికి ముందు ఒక తువ్వాలు చుట్టాలి, లేకపోతే ఓబీ ముడతలు పడి జారుతుంది.

రంగుల గురించి రాసింది మరీ అన్యాయం. 18వ శతాబ్దపు బొమ్మల దగ్గర ‘ఆనాటి ఫ్యాషన్ మట్టిరంగులు’ అని ఉంది. ఎదో కాలంలో (17-19 శతాబ్దాలు) గోధుమ, బూడిద రంగుల మోజు ఉన్న మాట నిజమే, ఆడంబరం మీద సర్కారు ఆంక్షలే అందుకు కొంత కారణం. కానీ ఇక్కడ కనిపించేది చాలావరకు వెలిసిన రంగు. ఆ కాలపు ఎరుపు కుసుమపువ్వు నుంచి తీసింది, నీలం ఒక గడ్డిపువ్వు నుంచి. రెండూ వెలుతురుకు నిలవవు. ఆ రెండూ కలిపి చేసిన ఊదా ఎండిన ఆకు రంగుకు తిరుగుతుంది. ప్రష్యన్ బ్లూ వాడకం 1830 దరిదాపుల్లో పెరిగింది, అందుకే ఆ తర్వాతి నీలాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అనుమానమొస్తే ఫ్రేము విప్పి, మౌంటు కింద దాగిన అంచు చూడండి. అసలు రంగు అక్కడ బతికి ఉండొచ్చు.

ఆ మిగిలిన రంగునైనా కాపాడాలి కదా. గోడకు తగిలించిన వాటిలో కొన్ని ఆఫ్‌సెట్ నకళ్లు, పది రెట్ల భూతద్దంలో చుక్కలు తెలిసిపోతాయి. వాటికి భయం లేదు. చెక్క అచ్చు అసళ్లకు మాత్రం 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదు, ఏడాది మొత్తం కలిపి 15,000 లక్స్-గంటలు దాటకూడదు. అంటే 50 లక్స్ దగ్గర 300 గంటలు. రోజుకు పది గంటలైతే నెల వస్తుంది. లాబీలో దీపాలు రాత్రీ పగలూ ఆరవు కనుక పన్నెండున్నర రోజులకే ఆ కోటా చెల్లు. స్పాట్‌లైటు పెట్టి 500 లక్స్ పడేస్తే 30 గంటలే, ఒకటింపావు రోజుకే సరి! అసళ్లను కిటికీల్లేని లోపలి గదికి మార్చి, మనిషి వచ్చినప్పుడే వెలిగే దీపాలు పెట్టాలి. ఏసీ రాత్రిళ్లు ఆపకూడదు. వానాకాలపు తేమకు కాగితం ఉబ్బి అద్దానికి అంటుకుంటే ఊడదీయడం కష్టం.

చివరి గదిలో 1920లు, 30ల బొమ్మలున్నాయి. పొట్టి జుట్టు, గౌను వేసుకున్న ‘మోగా’ను, అంటే ఆనాటి ‘మోడర్న్ గర్ల్’ను చూపించి, ‘జపాన్ మహిళలు కిమోనో వదిలేసిన కాలం’ అని రాశారు. 1925లో కోన్ వాజిరో అనే పరిశోధకుడు టోక్యో గింజా వీధిలో నిలబడి లెక్కపెడితే మగవాళ్లలో నూటికి 67 మంది పాశ్చాత్య దుస్తుల్లో ఉన్నారు, ఆడవాళ్లలో ఒక్కరు. తక్కిన వాళ్లు కిమోనోలోనే ఉండి కిమోనోనే కొత్తగా మార్చుకున్నారు. అక్కడ వేలాడదీసిన పెద్దపెద్ద పూల మెయిసెన్ (ముందే రంగు వేసిన నూలుతో నేసే పట్టు) కిమోనోను ‘ప్రింటెడ్ సిల్క్’ అన్నారు. దగ్గరికెళ్లి పువ్వు అంచు చూస్తే రంగు చెదిరి మసకగా ఉంటుంది. అది నేశాక అద్దిన రంగు కాదు. పడుగును ముందు వదులుగా నేసి, దాని మీద స్టెన్సిల్‌తో రంగు వేసి, ఆ తాత్కాలిక పేకను లాగేసి మళ్లీ నేస్తారు. మన పోచంపల్లి వాళ్లు నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు, దారి వేరైనా అంచుకు ఆ మసక రావడానికి కారణం ఒకటే: నేయకముందే నూలుకు రంగు పడటం. ఆ కిమోనో పక్కన ఒక పోచంపల్లి చీర వేలాడదీస్తే చీటీ కూడా అక్కర్లేదు. ఫ్లెక్సీని మాత్రం ముందు దింపించండి.

— చిత్రకళ, చేనేత బోధించే కొందరు, హైదరాబాద్