కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025–26

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను. వీధి దీపాలు, పార్కు గోడ, ఉగాది పంచాంగ శ్రవణం యథాప్రకారం జరిగాయి. మిగతా ఏడాదంతా మన విజయవాడను ముంచిన బుడమేరు వాగు చుట్టూనే తిరిగాం.

2024 సెప్టెంబరు 1న ఏం జరిగిందో సింగ్ నగర్, పాయకాపురం వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. కొత్తగా అద్దెకు దిగిన కుటుంబాలు అడుగుతున్నాయి కాబట్టి రెండు ముక్కలు. బుడమేరు వరదను వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర డైవర్షన్ ఛానల్‌కు మళ్లించి కృష్ణలో కలుపుతారు. ఆ ఛానల్ సామర్థ్యం అప్పటికి 15 వేల క్యూసెక్కులు. ఆ రోజు వచ్చింది అంతకు రెట్టింపు పైమాటే. పోనీ కృష్ణ తీసుకుంటుందా అంటే, ప్రకాశం బ్యారేజీ దగ్గర మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ లేదు. బుడమేరు గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, నీళ్లు మన మీదికొచ్చాయి.

గండ్లు పూడ్చడం, ఛానల్ వెడల్పు చేయడం ప్రభుత్వం పని. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాకో ప్రణాళిక ఉండాలి. 2025 సవరణతో కార్పొరేషన్ ఉన్న నగరాలకు విడిగా ఒక విపత్తు నిర్వహణ సంస్థ పెట్టుకునే వీలూ వచ్చింది. సంతోషమే. కానీ మూడో లైను చివరింట్లో మంచం దిగలేని మామ్మగారున్నారని ఏ ప్రణాళికలో రాసుంటుంది? డోర్ నంబరు దాకా దిగని ప్లాను మనకు అక్కరకు రాదని కార్యవర్గం తీర్మానించి, ఆ పని సంఘమే నెత్తికెత్తుకుంది.

ఇంటింటికీ తిరిగి 2024లో నీళ్లెక్కడి దాకా వచ్చాయో అడిగి, గోడల మీద నీలం రంగు గీతలు గీశాం. ఒకే లైనులో మొదటింటి దగ్గర మోకాలి లోతు, చివరింటి దగ్గర మెడ లోతు! ఇన్నేళ్లు ఇక్కడున్న మనకే ఆ పల్లం తెలియదు. ఆ గీతలను బట్టే జాబితా వేశాం: ఎవరు ముందు కదలాలి, ఏ కింది వాటాకు ఏ మేడ జత. డయాలసిస్ వాళ్లు, గర్భిణులు, ఒంటరి వృద్ధులు మొదటి పేజీలో ఉంటారు. ఓనరు మేడ మీదికి రానిస్తారో లేదోనని అద్దెవాళ్లు మొహమాటపడ్డారు. ఓనర్ల చేత ముందే సంతకాలు పెట్టించాం. ఒకరిద్దరు పెట్టలేదు, పేర్లెందుకు.

2025 ఆగస్టు 31, ఆదివారం ఉదయం మాక్ డ్రిల్ చేశాం. ఈ సంఘం పెట్టాక ఇంత గర్వంగా చెప్పుకోదగ్గ కార్యక్రమం ఇదే. మైకులో చెప్పగానే పల్లపు లైన్లు ముందు కదిలాయి. పైన చెప్పిన మామ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మేడ ఎక్కించారు. మెట్ల మలుపులో కుర్చీ పట్టలేదు. దుప్పటిలో ఎత్తితే సులువని అక్కడే తెలిసింది. ఆధార్, పాసు పుస్తకం, వారం మందులు ఒకే కవర్లో పెట్టుకోమన్నాం. వరద సాయం (కింది వాటాకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు) రాసుకునేటప్పుడు కాగితాలు తడిసిపోయి ఎంత తిప్పలు పడ్డామో మరిచిపోలేదుగా.

పేరిచ్చిన యువకుల్లో సగం మంది రాలేదు. అయిదో రోజు నిమజ్జనమట. డీజే ముందు మాత్రం అందరూ హాజరు. పిలిచిన అధికారులూ రాలేదు. "మేడం మీటింగులో ఉన్నారు" అన్న జవాబు మాత్రం ఠంచనుగా వచ్చింది.

అక్టోబరులో మొంథా తుపాను హెచ్చరిక రాగానే జాబితా తీసి ఫోన్లు చేశాం. బళ్లు, ఆటోలు ముందు రోజే ఫ్లైఓవర్ మీదికి చేర్చాం. ఈసారి దేవుడి దయవల్ల నీళ్లు రాలేదు.

సైడు కాలువల పూడిక గురించి ఇచ్చిన అర్జీలన్నీ ఫైల్లో ఉన్నాయి, చూడవచ్చు. చివరికి పూడిక తీశారు, తీసి కాలువ గట్టు మీదే పోశారు. ఎత్తేలోపు వాన పడి మొత్తం మళ్లీ కాలువలోకే జారింది. బిల్లు మాత్రం అయ్యే ఉంటుంది.

డ్రిల్‌కు ట్రాక్టరిచ్చిన సభ్యులకు, టిఫిన్లు చేసి పెట్టిన మహిళా సభ్యులకు, మైకు ఉచితంగా ఇచ్చిన టెంట్ హౌస్ వారికి, లారీ ట్యూబులిచ్చిన మెకానిక్ సోదరులకు, రంగు డబ్బాలిచ్చిన హార్డ్‌వేర్ షాపు వారికి, ప్రతి పనిలో ముందున్న అధ్యక్షులవారికి, జాబితా టైపు చేసిన ఇంటర్ పిల్లలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి గారు వెనక పేజీలో ఇచ్చారు. కొంచెం మిగులుంది. చందా బకాయిలు చాలానే ఉన్నాయి.

పాత పడవ ఒకటి అమ్మకానికి వచ్చింది. కొనడమా, లైఫ్ జాకెట్లతో సరిపెట్టడమా అన్నది ఎజెండాలో నాలుగో అంశం. కొంటే దాన్ని ఎవరింటి దగ్గర పెట్టాలో కూడా ఆలోచించుకుని రావలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి