తీగల్లో కరెంటు, పక్కనే డీజిల్ లారీ

సంపాదకులు గారికి,

నమస్కారం. రామాయపట్నం దగ్గర ప్రభుత్వ చమురు కంపెనీ బీపీసీఎల్ పెట్టబోయే రిఫైనరీ (ముడి చమురును శుద్ధి చేసి పెట్రోలు, డీజిల్ తీసే ఫ్యాక్టరీ) గురించి మీ పత్రికలో వార్తలు చదువుతున్నాను. 6 వేల ఎకరాలు, లక్ష కోట్ల దాకా పెట్టుబడి. కావలి టీ కొట్లలో అందరి నోటా అదే మాట. పిల్లలకు ఉద్యోగాలొస్తాయంటే అడ్డం చెప్పేవాణ్ణి కాదు నేను. అయితే 36 ఏళ్ళు లారీ తోలి, ఆ డీజిల్‌నే నమ్ముకుని బతికిన మనిషిగా ఒక సంగతి చెప్పాలనిపించి రాస్తున్నాను: దూరం పోయే సరుకు డీజిల్ లారీ దిగి కరెంటు రైలెక్కాలి. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి. నిమ్మకాయల సంగతి మాత్రం ఉంచండి.

మాది బిట్రగుంట. మా నాయన ఇక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్, అంటే రైలింజన్ పొయ్యిలో పారతో బొగ్గు వేసే పని. బొగ్గు ఇంజన్ల కాలంలో ఈ ఊరికి ఉన్న దర్జా ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. నాయన డ్యూటీ దిగి ఇంటికొస్తే కళ్ళూ పళ్ళూ తప్ప ఇంకేమీ తెల్లగా ఉండేది కాదు. ఆయన ఖాకీ బట్టలు మా అమ్మ వేరే బకెట్లో నానేసేది. 1980 నాటికి మద్రాసు, బెజవాడ మధ్య లైనంతా కరెంటు తీగలు పడ్డాయి. కరెంటింజన్ మొదటిసారి వచ్చి ఆగిన రోజు మా నాయన దాని చుట్టూ తిరిగి చూసి, "ఇదేం ఇంజన్ రా అబ్బయ్యా, అగ్గి లేదు, నీళ్ళు లేవు" అన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు షెడ్డు మూతపడింది. కొందరు బెజవాడ పోయారు, కొందరు గూడూరు పోయారు. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, గోడల్లో రావిచెట్లు మొలిచాయి. సాయంత్రం పూట కాలు పెట్టే సందుండని బజారు ఏడింటికే మూసేసే బజారైంది. రైల్వే ఉద్యోగం ఎటూ వస్తుందని పెరిగిన నాలాంటివాళ్ళం హెవీ లైసెన్సు తీసుకుని లారీ ఎక్కాం. అంటే చూడండి, రైలేమో బొగ్గు వదిలి కరెంటు పట్టుకుంది, ఫైర్‌మన్ కొడుకునైన నేను డీజిల్ పట్టుకున్నాను.

ఇక నిమ్మకాయలు. నా సర్వీసులో సగం పొదలకూరు, గూడూరు మార్కెట్ల నుంచి ఢిల్లీకి నిమ్మకాయలు తోలడంతోనే సరిపోయింది. వేసవిలో కాయకు రేటున్నప్పుడు రోజుకో లోడు. ఇద్దరు డ్రైవర్లం మార్చి మార్చి తోలినా మూడు రోజులు దాటేది. 2 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం, లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు వస్తే గొప్ప. 500 లీటర్లకు తక్కువ కాదు. లీటరు వందకు అటూ ఇటూ ఉన్న ఈ రోజుల్లో ఒక్క పోను ప్రయాణానికే 50 వేల రూపాయల డీజిల్. టోల్‌గేట్లు, టైర్లు, మామూళ్ళు వేరే. ఆ 50 వేలూ రైతు కాయ రేటులోంచే కోసుకుంటారు, ఇంకెక్కణ్ణుంచి వస్తాయి?

అదే నెల్లూర్లో జీటీ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే ఢిల్లీకి రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. బెజవాడ, బల్లార్ష, నాగపూర్ మీదుగా దారంతా కరెంటు తీగలే. బల్లార్ష దాటాక రోడ్డు పక్కనే రైలు పట్టా కనిపిస్తుంటే, ఎండలో ఇంజన్ వేడెక్కి లారీ పక్కన పెట్టుకున్న రోజున నాకెంత కడుపు మండేదో చెప్పలేను.

మరి కాయ రైలెందుకు ఎక్కదు? నేనే కనుక్కుందామని ఒకసారి ఒక స్టేషన్‌కి పోయాను, ఊరి పేరెందుకులెండి. గూడ్సు ఆఫీసులో అడిగితే "రేక్ నిండా సరుకుంటే రండి" అన్నారు. రేక్ అంటే 40 వ్యాగన్లు, రెండున్నర వేల టన్నుల మాట. పొదలకూరు వ్యాపారి దగ్గర ఆ రోజుకు ఉండేది 15, 20 టన్నులు. పార్సిల్ ఆఫీసుకు పోతే, రైలు ఇక్కడ ఆగేది రెండు నిమిషాలు, ఎన్ని బస్తాలు ఎక్కిస్తావయ్యా అన్నారు. వాళ్ళు చెప్పిందీ నిజమే. మార్కెట్లో ఒకసారి ఎత్తి, స్టేషన్‌లో దించి, మళ్ళీ ఎక్కించి, అక్కడ ఢిల్లీలో మళ్ళీ దించితే హమాలీ ఖర్చు మాటటుంచి కాయ నలిగిపోతుంది. లారీ అయితే మార్కెట్ గుమ్మంలో ఎక్కించుకుని ఆజాద్‌పూర్ మండీ గుమ్మంలో దించుతుంది. లారీ గెలిచింది అందుకే. 1950ల్లో దేశంలో సరుకు రవాణాలో 80 శాతం పైగా రైలు మీదే పోయేదట, ఇప్పుడు మూడో వంతు కూడా లేదు.

కానీ మార్గం లేదా అంటే ఉంది. రైల్వే వాళ్ళ పెద్ద పార్సిల్ వ్యాన్ ఒకటి 23 టన్నులు పడుతుంది. సరిగ్గా ఒక లారీ లోడు! 2020 సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు వేశారు, పళ్ళకు చార్జీలో సగం రాయితీ ఇచ్చారు. ఆ రాయితీ ఉన్నన్నాళ్ళు నడిచింది. అదే ఏడాది కరోనా లాక్‌డౌన్‌లో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల రైలు మొదలైంది, పాలకు ప్రత్యేకంగా ట్యాంకర్లు కట్టి. రేణిగుంట మాకెంత దూరం? పాలు పోగా లేనిది నిమ్మకాయ పోదా? వారానికి రెండు రోజులు, ఫలానా గంటకు బయలుదేరుతుందని గట్టిగా చెప్పే పార్సిల్ రైలు ఉంటే చాలు. రాయితీ కంటే టైము ముఖ్యం మాకు. వ్యాపారి రేటు పెరిగితే ఓర్చుకుంటాడు గానీ, బండి ఎప్పుడొస్తుందో తెలియని చోటికి సరుకు తేడు.

రైలు మీద తక్కువ ఖర్చెందుకని మా అసోసియేషన్‌లో కుర్రాళ్ళు అడుగుతుంటారు. చిన్నప్పుడు బిట్రగుంట యార్డులో ఖాళీ వ్యాగన్‌ని ఐదారుగురు కూలీలు గడ్డపారలు పెట్టి, భుజాలు ఆనించి తోసుకుంటూ పోవడం చూసేవాణ్ణి. అంత బరువున్న లారీని తారురోడ్డు మీద తోసి చూడండి. ఇనప పట్టా మీద ఇనప చక్రం అలా జారిపోతుంది, రబ్బరు టైరు అడుగడుగునా రోడ్డుని పట్టుకుని పీకుతుంది. పైగా ఇప్పటి కరెంటు గూడ్సు ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు కరెంటు తయారు చేసి తిరిగి తీగకే ఇస్తాయట. ఇన్నేళ్ళూ నా బ్రేకులు లైనర్లు అరగడానికి తప్ప దేనికీ పనికి రాలేదు.

లారీనే రైలెక్కించొచ్చు కూడా. కొంకణ్ రైల్వే వాళ్ళు 1999 నుంచి ఈ పని చేస్తున్నారు, రోరో అంటారు. నేనోసారి బొంబాయి వైపు నుంచి మంగళూరు లోడు దొరికితే కోలాడ్‌లో లారీని అలాగే వ్యాగన్ మీదికి ఎక్కించాను. చక్రాలకు గొలుసులు బిగించారు. క్లీనరూ నేనూ క్యాబిన్లోనే కూర్చున్నాం. వానాకాలం, సొరంగాలు, పక్కన జలపాతాలు. ఇంజన్ ఆపేసి, స్టీరింగ్ ముట్టకుండా ముందుకు పోవడం నా జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు. కాసేపు భయమేసి ఉత్తినే బ్రేకు మీద కాలు పెట్టాను కూడా! అప్పుడు ఆ రైలును లాగింది డీజిల్ ఇంజనే అనుకోండి. ఆ దారి మొత్తానికి కరెంటు వచ్చింది 2022లో. అయినా ఒక్క ఇంజన్ వెనక 40 దాకా లారీలు, అన్నిటి ఇంజన్లూ ఆగి ఉన్నాయి. అట్లాంటిది కృష్ణపట్నం నుంచి హైదరాబాద్ వైపు ఎందుకు ఉండకూడదు?

పట్టాలు లేక కాదు. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలానికి 93 కిలోమీటర్ల కొత్త లైను వేశారు, వెలిగొండల కింద ఆరున్నర కిలోమీటర్ల పైగా సొరంగం తవ్వారు. 2019 సెప్టెంబర్ 1న వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతి హోదాలో దాన్ని ప్రారంభించారు. అది కృష్ణపట్నం పోర్టు సరుకుకు. మరి మెట్ట ప్రాంతం సంగతి? నడికుడి, శ్రీకాళహస్తి లైను 2011-12 బడ్జెట్‌లో మంజూరైంది, 309 కిలోమీటర్లు. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, వెంకటగిరి. నడికుడి వైపు నుంచి ముక్కలు ముక్కలుగా వేసుకుంటూ వస్తున్నారు. నేను లారీ దిగేశాను గానీ పామూరుకు రైలు రాలేదు. ఆ ఊళ్ళ పొగాకు, బత్తాయి అంతా లారీలే మోస్తున్నాయి. కనిగిరి మనిషి రైలెక్కాలంటే ముందు డీజిల్ బస్సెక్కి ఒంగోలు రావాలి. ఆ స్టేషన్లు కట్టేటప్పుడే లారీ వెనక్కి ఆనించి సరుకు మార్చుకునేలా ఎత్తయిన గూడ్సు ప్లాట్‌ఫారం, నీడ కట్టమని నా మనవి. కట్టేశాక అడిగితే ఇంకో పదేళ్ళు పడుతుంది.

ఒకటి ఒప్పుకోవాలి. తీగల్లో వచ్చే కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందని మా మనవరాలు అడిగింది. ముత్తుకూరు దగ్గర నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది, 800 మెగావాట్ల యూనిట్లు మూడు, మొత్తం 2,400. తినేది బొగ్గే. మా నాయన పారతో వేసినదాన్నే ఇప్పుడు బెల్టు మీద వేస్తున్నారు, అంతే తేడా. ముత్తుకూరు వాళ్ళను అడిగితే బూడిద గురించి గంట చెప్తారు. కాబట్టి డీజిల్ మానేసి బొగ్గు కరెంటుకు మారితే పని సగమే అయినట్టు. అయితే ఒక తేడా ఉంది. లారీకి డీజిల్ తప్ప వేరేది పొయ్యలేం. తీగలోకి ఏ కరెంటైనా పంపొచ్చు, ఇంజన్ మార్చక్కర్లేదు. మార్చి నుంచి జూన్ దాకా మా ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ ఎండలో బిట్రగుంటలో వందల ఎకరాల రైల్వే స్థలం తుమ్మచెట్లు మొలిచి పడుంది. రాత్రికి ఏం చేస్తారంటారా, కర్నూలు దగ్గర పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్ళు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు కట్టారు. రైల్వే 2030కల్లా కాలుష్యం లెక్క సున్నా చేస్తామని ప్రకటించింది కదా, మా తుమ్మచెట్ల దగ్గర మొదలు పెట్టమనండి.

డీజిల్ మీద బతకడం ఎంత టెన్షనో డ్రైవర్‌కు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతం పైగా బయటి నుంచి తెచ్చుకుంటున్నాం, అందులో పెద్ద భాగం హర్ముజ్ జలసంధి అనే ఇరుకు దారిలోంచి రావాలి. 1990లో కువైట్ గొడవప్పుడు బంకు దగ్గర డీజిల్ కోసం రాత్రంతా క్యూలో లారీ పెట్టుకుని అందులోనే పడుకున్నాను. కువైట్ ఎక్కడుందో అప్పుడు నాకు తెలియదు. రామాయపట్నంలో రిఫైనరీ వచ్చినా అందులో పోసే ముడి చమురు ఓడ మీద రావాల్సిందే. ఆ మాట ఎవరూ అనడం లేదు.

ఇదంతా చదివి లారీ వాళ్ళ పొట్ట కొడుతున్నాడని మా వాళ్ళే నన్ను తిడతారు. ఇప్పటికే తిట్టారు. నేను చెప్పేది ఢిల్లీ దాకా తోలడం గురించి. పొలం నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి మండీకి లారీ ఎప్పుడూ కావాలి. చీమకుర్తి గ్రానైట్ బ్లాకులను పట్టా దాకా తేవడానికి లారీ కావాలి. ఆ దగ్గర దారులకు రేపు బ్యాటరీ బండ్లు కూడా వస్తాయి, రాత్రికి ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టుకోవచ్చు. నెలకు 25 రోజులు ఇంటికి దూరంగా ఉండి, నా కూతురు మొదటి మాట ఫోన్‌లో విన్నవాణ్ణి నేను. ఆ బతుకు నా మనవడికి అక్కర్లేదు.

కాకపోతే మా షెడ్డుకు చేసినట్టు చెయ్యొద్దు. మా నాయనకు నోటీసు బోర్డు మీద కాగితం అంటించి చెప్పారు, అంతే. ఆ షెడ్డులో పనిచేసిన వాళ్ళకు కరెంటింజన్ పని నేర్పి ఉంటే, ఆ స్థలంలో ఇంకో పని పెట్టి ఉంటే బిట్రగుంట ఇలా ఉండేది కాదు. దూరం లారీలు తగ్గించదలిస్తే ముందు డ్రైవర్లను పిలవండి, మెకానిక్‌లను పిలవండి, అప్పు మీద బండి కొన్నవాణ్ణి పిలవండి. కిస్తీలు ఇంకా ఎన్నేళ్ళున్నాయో అడగండి.

పొదలకూరు మార్కెట్లో నాకు తెలిసిన వ్యాపారులు నలుగురితో మాట్లాడాను. టైము ప్రకారం నడిచే పార్సిల్ వ్యాన్ ఇస్తే వచ్చే వేసవిలో కాయ వేసి చూస్తామన్నారు. రైల్వే అధికారులెవరైనా ఈ ఉత్తరం చదివితే ఏప్రిల్లో ఒక పూట మార్కెట్‌కు రండి. ఒక్క రోజులో ఎన్ని లారీలు ఢిల్లీ దారి పడతాయో మీరే లెక్కపెట్టుకోండి. మార్కెట్ గేటు పక్కన టీ కొట్లో నేనుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లారీ డ్రైవర్,
బిట్రగుంట, నెల్లూరు జిల్లా