ఆ షట్టర్ మందుల షాపుది కాదు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో కింది మూలన, ప్లాట్ల ప్రకటన పక్కన, 'ఆదరణ లేక మూతపడ్డ పాత మందుల షాపు' అని నాలుగు వాక్యాల వార్త వేశారు. ఆ రోజే రాద్దామని కూర్చుంటే, కోపం మీద రాయొద్దని మా ఆవిడ పెన్ను లాక్కుంది. పది రోజులైనా కోపం అట్లనే ఉంది కాబట్టి ఇక రాస్తున్నాను.

ఆదరణ లేదని మీ విలేకరికి ఎవరు చెప్పారు? షాపు యజమాని సేటును అడిగారా? అడగలేదని ఆయనే నాతో అన్నాడు. మూసేసిన రోజు దీపాలు పెట్టే వేళ దాకా ఆ మెట్ల మీద జనం కూర్చునే ఉన్నారు. మోకాళ్లు సహకరించలేదు, కొడుకులు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు, రోడ్డు వెడల్పులో ముందు గది సగం పోయింది, అందుకని మూశాడు. రోడ్డు మాత్రం వెడల్పు కాలేదు. సగం గది పోయిన చోట ఇప్పుడు మోరీ నీళ్లు నిలుస్తున్నాయి. దాని మీద వార్త ఎప్పుడు వేస్తారో చూడాలి.

దేవరకొండ డివిజన్‌లోని మా ఊరికి చుట్టూ తండాలే. సంతకు వచ్చిన ముసలమ్మలు ముందు సేటు దగ్గరికి పోయి తర్వాతే కూరగాయల వైపు వెళ్లేవాళ్లు. చదువు రానివాళ్లకు ఆయన గోలీల కవర్ మీద బాల్‌పెన్నుతో పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి నెలవంకను గీసిచ్చేవాడు. అన్నం తిన్నాక వేసుకోవాల్సినదైతే పక్కన ఒక పళ్లెం బొమ్మ. నాలుగు గోలీలు అడిగితే కత్తెరతో స్ట్రిప్ కత్తిరించేటప్పుడు గడువు తేదీ అచ్చయిన కొస ఎప్పుడూ డబ్బాలోనే మిగిలేటట్టు అవతలి వైపు నుంచి కోసేవాడు. ఆ కొసే ముందు కోసిచ్చేస్తే మిగిలినవి ఎప్పటివో ఎవరికి తెలుస్తుందయ్యా అనేవాడు. ఇప్పుడు మీరు ఏ షాపులోనైనా నాలుగు గోలీలు కొని చూడండి, కత్తెర ఎటు పడితే అటు పోతుంది.

ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్లకు ఇన్సులిన్ ఇవ్వాల్సి వస్తే, చిన్న మట్టికుండలో తడి ఇసుక పోసి, సీసా తడవకుండా కవర్‌లో చుట్టి అందులో ఎట్లా పెట్టాలో దుకాణంలోనే చేసి చూపించేవాడు. వాడకం మొదలుపెట్టిన సీసా నాలుగు వారాలు దాటితే పారేయమని దాని మీదనే తేదీ రాసేవాడు. తండావాళ్లు 'డాక్టర్ సాబ్' అంటే ఊరుకునేవాడు కాదు. "నేను డాక్టర్ని కాదమ్మా, మందులమ్ముకునేటోణ్ణి" అని ప్రతిసారీ సరిచేసేవాడు. ఆయన చెల్లెలి మొగుడు కూడా ఒకసారి చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగి, లేదనిపించుకుని అలిగి పోయాడు.

ఇంకో సంగతి. మా నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్‌కు దేశమంతా తెలిసిన జిల్లా. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని మా పేరే పెట్టారు. అంత గొప్ప పేరు తెచ్చుకున్నాం. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఇక్కడ నడుములు, మోకాళ్లు నొప్పెట్టని ముసలివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ నొప్పికి రోజుకు రెండు చొప్పున గోలీలు మింగడం అలవాటైపోయింది. సేటు మాత్రం, "అవ్వా, ఇవి నెలంతా మింగితే కిడ్నీలు పోతయ్, ముందు సర్కారు దవాఖానల రక్తపరీక్ష చేయించుకో" అని వాపసు పంపేవాడు. గిరాకీని వాపసు పంపిన వ్యాపారిని నా జీవితంలో ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఇప్పుడు ఊళ్లో రంగురంగుల బోర్డులతో '20 శాతం తగ్గింపు' షాపులు వచ్చాయి. తగ్గింపు మంచిదే, పింఛనుతో బతికేవాణ్ణి, నాకూ పది రూపాయలు మిగిలితే సంతోషమే. కానీ ఒక లెక్క చెప్పండి. ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించిన మందుల మీద, 2013 ధరల ఉత్తర్వు ప్రకారం, చిల్లర వ్యాపారికి కలిపేది 16 శాతం. చిన్న షాపువాడు అందులోంచి 20 ఎట్లా తగ్గిస్తాడు? పెద్ద ఎత్తున కొనేవాళ్లకే అది సాధ్యం. ఇంక ఆదరణ ఎవరికి ఉంటుంది?

ఆ షాపుల్లో ఒకదానిలో మా ఆవిడకు జరిగింది చెబుతాను, పేరు రాయను. ఆమెకు రక్తపోటుకు ఆమ్లోడిపిన్ ఐదు మిల్లీగ్రాములది. ఇచ్చింది పది. పదిహేను రోజుల్లో పాదాలు ఉబ్బి చెప్పులు ఎక్కలేదు. చీటీ తీసుకుని పోయి అడిగితే ఆ పిల్లవాడు, "ఒకటే అంకుల్, కంపెనీ వేరే" అన్నాడు. పది, ఐదు ఒకటేనా అంటే, "సిస్టంలో అదే చూపిస్తుంది" అన్నాడు. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పిన నాకు ఐదూ పదీ ఒకటేనని చెప్పినవాడు వాడొక్కడే. గోడకు ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ అద్దంలో మెరుస్తోంది. ఆ ఫోటోలోని మనిషి ఎక్కడున్నాడని అడిగితే, బయటికి పోయాడట. నేను పోయిన మూడుసార్లూ బయటికే పోయాడు.

డాక్టర్ చీటీ మీద మందులివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. కొన్ని బలమైన యాంటీబయాటిక్‌ల వంటి హెచ్1 షెడ్యూల్ మందులకైతే చీటీ రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో వేరే పుస్తకంలో రాసి మూడేళ్లు ఉంచాలి. సేటు ఆ పుస్తకానికి పాత క్యాలెండర్ అట్ట వేసి గల్లాపెట్టె కింద పెట్టుకునేవాడు. చట్టాన్ని పాటించినవాడు షట్టర్ దించుకున్నాడు, సర్టిఫికెట్ అద్దెకు తెచ్చుకున్నవాడు రిబ్బన్ కత్తిరించాడు. ఆ రిబ్బన్ కత్తిరింపుకు మాత్రం పెద్దలందరూ వచ్చారు, మీరూ రంగుల ఫోటో వేశారు.

తనిఖీ చేయాల్సిన కార్యాలయానికి ఒక ఫిర్యాదు రాశాను. రసీదు ఇవ్వలేదు. ఫోన్ చేస్తే సార్ ఫీల్డ్‌లో ఉన్నారన్నారు. ఏ ఫీల్డో మా ఊరివైపు మాత్రం కాదు. డాక్టర్ల చీటీల సంగతి సరేసరి. మందు అసలు (జెనరిక్) పేరు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే వైద్య మండలి చెప్పింది. నా దగ్గరున్న చీటీ మీద కోడి పరుగెత్తినట్టుంది. సేటు అయితే అనుమానం వస్తే డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగేవాడు. రాత్రి పదకొండుకు పిల్లవాడికి జ్వరమొస్తే వెనక తలుపు కొట్టేవాళ్లం, బనీను మీదనే వచ్చి తీసేవాడు. ఇప్పుడు తొమ్మిదిన్నరకు అన్ని షట్టర్లూ దిగుతాయి. నల్లగొండలో మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. కానీ జ్వరం గోలీ కోసం అర్ధరాత్రి నల్లగొండ పోలేం కదా. వంతుల వారీగా రాత్రిపూట ఒక్క షాపు తెరిచి ఉంచేటట్టు ఏర్పాటు చేయమని అడుగుతున్నాను, అంతే.

ఇక మీ సంగతి. వార్తతో పాటు మీరు అచ్చేసిన ఫోటోలో కనిపించే షట్టర్ సేటుది కాదు, పక్కనున్న గాజుల దుకాణానిది. మధ్యాహ్నం భోజనానికి మూసినప్పుడు తీసినట్టున్నారు. వాళ్లు నిక్షేపంగా వ్యాపారం చేసుకుంటున్నారు. మీ పేపర్ చూసినప్పటి నుంచి, "మీదీ మూసేస్తున్నారంట గదా" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక ఆ గాజులమ్మ విసిగిపోయింది. కనీసం ఆ ఫోటో అయినా సరిచేసి వేయండి.

— ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా