చిన్నమ్మకు

చిన్నమ్మా,

నీ ఫోను వచ్చి 19 రోజులయింది. మాగాయ సీసా అందిందా? మూత నెమ్మదిగా తియ్యి, నూనె పైకి తేలి ఉంటుంది. పెద్దత్త మోకాలు తగ్గింది. జామచెట్టు ఈసారి విరగకాసింది.

శేషు ఏదో చెప్పాడు. డీఎన్ఏ ముక్కల్ని విడదీసే నీ జెల్ మూడుసార్లు పాడయిందట, రాత్రి ఒంటిగంట దాకా ల్యాబులోనే ఉంటున్నావట, 'ఈ పని నాకు రాదు' అన్నావట. నేను పట్టించుకోలేదు. మీ అమ్మకే నిద్ర పట్టడం లేదు.

గీతలు విడిపోకుండా పొగలా సాగుతున్నాయా? తొందరపడి వోల్టేజి పెంచావేమో చూసుకో, జెల్ వేడెక్కితే అంతే. ఫాస్ఫేట్ల వల్ల డీఎన్ఏకు ఒళ్లంతా రుణావేశమే కాబట్టి కరెంటు పెట్టగానే ముక్కలన్నీ ధన ధ్రువం వైపే వెళతాయి. వాటిని విడదీసేది అగరోజ్ వల. సముద్రపు నాచు నుంచి తీసిన ఆ వలలో చిన్నవి సందుల్లోంచి జారిపోతాయి, పెద్దవి చిక్కుకుంటూ వెనకబడతాయి. చిన్న ముక్కలైతే జెల్ 2 శాతం పెట్టు. పాఠం చెప్పకూడదనే మొదలుపెట్టాను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు పుట్టకముందు, తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న నాలుగేళ్ల బాబును తీసుకుని ఒక దంపతులు రాత్రి బస్సులో మా ల్యాబుకు వచ్చారు. ఆమె మళ్లీ గర్భవతి. కడుపులో బిడ్డ సంగతి తెలియాలంటే ముందు ఈ పిల్లవాడి డీఎన్ఏలో లోపం ఎక్కడో తేలాలి. రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. ఉన్న కాస్త నమూనా గుంటల్లో పోసి, స్విచ్ వేసి, టీకి వెళ్లాను. వచ్చి చూస్తే జెల్‌లో, నమూనాతో కలిపిన రంగు తాలూకు నీలి గీత లేదు. గుంటల వెనక నీళ్లలో పల్చగా నీలం. ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారు చేశాను. డీఎన్ఏ అంతా వెనక్కి నడిచి నీళ్లలో కలిసిపోయింది. బాబుకు మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. వాడు ఏడుస్తూ నా చొక్కా గుండీ పట్టుకున్నాడు. రెండోసారి గీతలు తేటగా వచ్చాయి. ఆ తల్లికి నెలలు దాటకముందే జవాబు అందింది.

1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రగా చూసిందీ, తర్వాత మన హైదరాబాదు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ కోర్టుల దాకా తీసుకెళ్లిందీ జెల్‌లో విడిపోయిన ఇలాంటి ముక్కలనే. ఎవరి బిడ్డో తేల్చినవి, నిర్దోషిని విడిపించినవి అవే. నీ పని చిన్నదనుకోకు.

నిద్ర లేకుండా స్విచ్ వెయ్యకు. డీఎన్ఏకు రంగు పట్టించే ఇథిడియం బ్రోమైడ్ ముట్టిన గ్లౌజులతో తలుపు పిడి పట్టుకోకు. యూవీ దీపం ముందు ముఖానికి రక్షణ కవచం పెట్టుకో. రాత్రి పెరుగన్నమైనా తిని పడుకో.

ఆదివారం ఫోను చెయ్యి. కుదరకపోతే ల్యాబు నుంచి రాగానే చెయ్యి, ఒంటిగంటయినా సరే. ఫోను నా దిండు పక్కనే ఉంటుంది.

నాన్న