చిన్న ట్రైలర్ కొనే ముందు

సంపాదకులకు నమస్కారం.

ప్రయాణాల్లో బస కోసం కారు వెనుక తగిలించుకునే చిన్న ట్రైలర్ కొనదలచినవారు ముందుగా చూడవలసింది లోపలి పడకా వంటగట్టూ కాదు, తమ కారు ఎంత బరువు లాగగలదన్నది. ఖాళీ ట్రైలర్ బరువు చూసి మురిసిపోతే చాలదు; 80 లీటర్ల నీళ్లు నింపితేనే 80 కిలోలు పెరుగుతాయి. సామానంతా వెనక్కి సర్ది, కారుకు తగిలించే కొక్కెం మీద భారం మరీ తగ్గిస్తే, వేగం పుంజుకున్నప్పుడు బండి అటూ ఇటూ ఊగి కారునే అదుపు తప్పించగలదు.

బస చేరాక ట్రైలర్‌ను అక్కడే విడిచి కారులో తిరగవచ్చన్నది నిజంగా పెద్ద సౌలభ్యం. ఇంజను లేదు కనుక నిర్వహణ తక్కువే గానీ, పైకప్పు అతుకుల్లో వాననీరు దిగితే లోపలి చెక్క పైకి కనబడకుండానే కుళ్లిపోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు నిలిపి ఉంచేవారికి అద్దె బండే నయమని నా అభిప్రాయం. పాతది కొనేవారు మాత్రం వాన వెలిసిన మర్నాడే వెళ్లి చూడటం మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు