తొలి గంటలోనే రక్తం తీయాలి

సంపాదకులకు,

చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్‌లోనో తిరుపతి జిల్లా భాకరాపేట ఘాట్‌లోనో రాత్రిపూట ప్రమాదం జరిగితే, డ్రైవరు మద్యం మత్తులో ఉన్నట్టు తెలిసిందని మర్నాడు పత్రికల్లో వస్తుంది. కేసు కోర్టు మెట్లెక్కేసరికి దానికి ఆధారంగా కేస్ షీట్‌లో 'మద్యం వాసన ఉంది' అన్న ముక్క ఒక్కటే మిగులుతుంది. వాసన, తూలుతున్న నడక, తడబడే మాట తాగాడనడానికి చాలిన రుజువు కావని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. వైద్యపరంగానూ అది నిజమే. తలకు దెబ్బ తగిలినవాడి మాటా తడబడుతుంది, షుగర్ బాగా పడిపోయినవాడూ తూలుతాడు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌కు కావలసింది అంకె. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్నట్టు పరీక్షలో తేలాలి.

ఆ 30 ఎంత తక్కువో చాలామందికి తెలియదు. క్వార్టర్ సీసా 180 మి.లీ., బలం 42.8 శాతం. ఆల్కహాల్ సాంద్రత 0.789 కాబట్టి అందులో ఉండేది సుమారు 61 గ్రాములు. తాగినదాన్ని బట్టి రక్తంలో ఆల్కహాల్‌ను అంచనా కట్టే విడ్‌మార్క్ సూత్రం ప్రకారం మగవారి బరువును 0.68తో (ఆడవారికి 0.55తో) గుణించి, ఆ వచ్చినదానితో గ్రాములను భాగించి, 100తో హెచ్చించాలి. 65 కిలోల మనిషి ఖాళీ కడుపుతో క్వార్టర్ తాగితే లెక్క 138 మి.గ్రా. దాకా వెళ్తుంది. శరీరం గంటకు 10 నుంచి 20, సగటున 15 మి.గ్రా. మాత్రమే తగ్గించుకోగలదు. నిద్ర, కాఫీ, మజ్జిగ దీన్ని వేగవంతం చేయలేవు. రాత్రి 10కి తాగి పడుకున్నవాడు ఉదయం 5కి పలమనేరులో టమోటా లోడు ఎక్కించుకుని బయల్దేరితే, తనకు దిగిపోయిందనే అనుకుంటాడు. సగటు లెక్కన అతని రక్తంలో ఇంకా 33 ఉంటుంది.

ఇదే లెక్కను వెనక్కి కట్టి కేసు నిలబెట్టవచ్చని దర్యాప్తు అధికారులు కొందరు ధీమాగా ఉంటారు. ప్రమాదం రాత్రి 11కి జరిగిందనుకుందాం. 108లో దగ్గరి ఆసుపత్రికి, అక్కడి నుంచి రెఫర్ చేస్తే తిరుపతి రుయా ఆసుపత్రికి. రక్తం తీసేసరికి తెల్లవారుజాము 3. రిపోర్టులో 22 వచ్చింది, అంటే పరిమితి లోపలే. నాలుగు గంటలు వెనక్కి వెళ్తే 62 నుంచి 102 మధ్య ఎంతైనా ఉండి ఉండవచ్చు. డిఫెన్స్ వకీలు పట్టుకునేది ఈ 40 తేడానే. చివరి పెగ్గు ప్రమాదానికి పది నిమిషాల ముందు బిర్యానీతో పాటు పడి ఉంటే, అప్పటికి అది కడుపులోనే ఉంది, రక్తంలోకి ఎక్కనే లేదు. అలాంటప్పుడు వెనక్కి కట్టిన లెక్క పూర్తిగా తప్పుతుంది. నిపుణుడి అభిప్రాయంగా అది పనికొస్తుంది గానీ, సకాలంలో తీసిన రక్తానికి ప్రత్యామ్నాయం కాదు.

కాబట్టి క్యాజువాలిటీలోనే జాగ్రత్త పడాలి. సూది గుచ్చేచోట స్పిరిట్ దూది రుద్దకూడదు, నీటితో చేసిన పొవిడోన్ అయోడిన్ వాడాలి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి కాక రెండో చేతి నుంచి తీయాలి. ఊదారంగు మూత ట్యూబు వద్దు. దాంట్లో రక్తం గడ్డకట్టదు గానీ సూక్ష్మజీవులు చావవు. అవి ఆల్కహాల్‌ను తినేయవచ్చు, కొత్తగా పుట్టించనూ వచ్చు. ఫ్లోరైడ్, ఆక్సలేట్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు కావాలి. షుగర్ పరీక్షకు వాడేది అదే కాబట్టి ఏ చిన్న ఆసుపత్రిలోనైనా దొరుకుతుంది. అయితే ఫోరెన్సిక్ పరీక్షకు మి.లీ.కి 10 మి.గ్రా. ఫ్లోరైడ్ కావాలి, షుగర్ ట్యూబులో అంత ఉండదు. అందుకే రెండు మూడు ట్యూబులు అంచుదాకా నింపి, బాగా తిప్పి కలిపి, సీలు వేసి వెంటనే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాలి. లేబుల్ మీద తేదీ ఒక్కటే వేస్తే సరిపోదు, గంట, నిమిషం కూడా రాయాలి. టైము లేని ట్యూబు లెక్కకు దొరకదు.

ఆలస్యానికి అసలు కారణం రిక్విజిషన్, అంటే రక్తం తీయమని పోలీసులు ఇచ్చే కాగితం. ఘటన జరిగిన స్టేషన్ నుంచి కాగితం వచ్చేదాకా డ్యూటీ డాక్టరు ఆగుతాడు. ఆసుపత్రి ఔట్‌పోస్టు పోలీసే ఆ కాగితం ఇచ్చేలా రెండు జిల్లాల ఎస్పీలు ఒక్క ఉత్తర్వు ఇస్తే గంటలు మిగులుతాయి. 185 కింద అరెస్టయినవాడికి రెండు గంటల్లోపు వైద్యపరీక్ష చేయించకపోతే వదిలేయాలని అదే చట్టం 202వ సెక్షన్ చెబుతోంది. బ్రెత్ అనలైజర్ వాడేచోట చివరి గుక్క తర్వాత కనీసం 15 నిమిషాలు ఆగాలి, లేదంటే నోట్లో మిగిలిన మద్యమే అంకెగా వస్తుంది.

అంకె ఉంటే ఏమవుతుందో ముంబయి కార్టర్ రోడ్ కేసులో చూశాం. పేవ్‌మెంట్ మీద నిద్రిస్తున్న ఏడుగురు చనిపోయారు. డ్రైవరు రక్తంలో 112 మి.గ్రా. ఉన్నట్టు తేలింది. అది మామూలు నిర్లక్ష్యం కాదని, హత్య కాని నేరపూరిత నరహత్య అని 2012లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. నేటి భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యపు మరణానికి వర్తించే 106(1)కీ నరహత్యకు వర్తించే 105కీ ఉన్న తేడా అదే.

పరీక్ష తప్పించుకుంటే బండి యజమానికి లాభమనుకోవడమూ పొరపాటే. శ్వాస, రక్త పరీక్షలు లేకున్నా ఇతర ఆధారాలతో మత్తును రుజువు చేసి బీమా కంపెనీ సొంత బండి క్లెయిమును నిరాకరించవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. తాగకుండా నడిపిన డ్రైవరుకైతే తొలి గంటలో తీసిన రక్తమే రక్ష.

ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు ఆ రాత్రే అడగాల్సినవి రెండు. డ్రైవరు రక్తం తీశారా? ఎన్ని గంటలకు తీశారు? పరిహారం కోసం ట్రైబ్యునల్‌లో పిటిషన్ వేయడానికి గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు.

— న్యాయవైద్య శాస్త్ర అధ్యాపకులు, తిరుపతి