ఉస్మానియా కొత్త థియేటర్లకు రూపా బాయి పేరు పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గోషామహల్‌లో ఉస్మానియా ఆస్పత్రి కొత్త భవనాలకు 2025 జనవరి 31న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. అంతస్తులెన్ని, పడకలెన్ని, ట్రాఫిక్ సంగతేంటి అన్న చర్చ పెద్దవాళ్ళు చేస్తున్నారు, చేయనివ్వండి. నేను అడిగేది చిన్న విషయం. అక్కడి ఆపరేషన్ థియేటర్ల విభాగానికి, నిజాం కాలంలో మన ఊళ్ళో ఆపరేషన్లకు మత్తు ఇచ్చిన డాక్టర్ రూపా బాయి ఫర్దూంజీ పేరు పెట్టాలి.

ఎవరీ రూపా బాయి అనేవాళ్ళే ఎక్కువ ఉంటారు. అది వాళ్ళ తప్పు కాదు. పోటీ పరీక్షల కోసం బట్టీపట్టే వైద్య చరిత్రలో ఆడవాళ్ళంటే ఆనందీబాయి జోషి, కాదంబినీ గంగూలీ. ఇద్దరూ 1886లో పట్టా అందుకున్నారు, ఒకరు అమెరికాలో, ఒకరు కలకత్తాలో. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఊళ్ళో ఒక పార్శీ అమ్మాయి డాక్టరు చదువు చదువుతోంది. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలమైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో 1885లో చేరింది, 1889లో హకీమ్ పట్టా తీసుకుంది.

అప్పటికి దక్షిణాదిన ఈ తలుపు తెరిచి పదేళ్ళయింది. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే మేరీ షార్లీబ్‌తో పాటు మరో ముగ్గురు ఆడవాళ్ళను చేర్చుకుంది. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో సంగతి చూడండి. 1869లో సోఫియా జెక్స్ బ్లేక్, ఆమెతో ఇంకొందరు అక్కడి యూనివర్సిటీలో వైద్యం చదవడానికి చేరితే, మరుసటి ఏడాది పరీక్షకు వెళ్తున్న వాళ్ళ మీద బురద చల్లి, గేటు మూసి, లోపలికి గొర్రెను కూడా తోలారు. చివరికి డిగ్రీ ఇవ్వలేదు. రూపా బాయి చదివిన స్కూలును నడిపిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆ ఎడిన్‌బరోలో చదువుకున్నవాడే! అక్కడ కుదరనిది ఇక్కడ ఆయన హయాంలో కుదిరింది. దయతోనే కుదిరిందని అనుకోనక్కర్లేదు. గోషా పాటించే ఇళ్ళల్లో ఆడవాళ్ళు ప్రాణం మీదికొచ్చినా మగ డాక్టరుకు చెయ్యి చూపించేవాళ్ళు కాదు. లేడీ డాక్టర్లు లేకపోతే ఊళ్ళో సగం మందికి వైద్యం లేనట్టే.

రూపా బాయి ఎంచుకున్నది మత్తు వైద్యం, అంటే ఆపరేషన్‌లో నొప్పి తెలియకుండా మత్తు ఇచ్చే అనస్థీషియా. అప్పుడు మత్తంటే క్లోరోఫామ్. బట్ట మీద చుక్కలు చుక్కలుగా వేసి వాసన చూపించడమే, ఇప్పటి మిషన్లేవీ లేవు. బల్ల మీదే ప్రాణం పోయిన కేసులూ ఉండేవి. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నది డాక్టర్లలో పెద్ద తగాదా. ముందు ఊపిరే ఆగుతుంది, నాడి కాదు ఊపిరి చూడండి అన్నది లారీ వాదం. దాన్ని తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో 1888లో ఒకసారి, 1889లో మరోసారి ఇక్కడే క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫు మనిషిగా లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ రావడానికి నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చారు. వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. ప్రపంచ వైద్యులంతా హైదరాబాద్ వైపు చూస్తున్న ఆ ఏళ్ళలో రూపా బాయి ఇక్కడ విద్యార్థిని. క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి ఆగిపోవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాక లారీ వాదం నిలబడలేదు. కానీ రోగి ఊపిరి మీంచి కన్ను తీయకూడదన్న అలవాటు మాత్రం పోలేదు. థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, ఆ మాట ఎన్నిసార్లు విన్నానో.

ఆమె పనిచేసిన చోట్లు చూస్తే నేనెందుకు అడుగుతున్నానో తెలుస్తుంది. ఒకటి రెసిడెన్సీ ఆస్పత్రి, అంటే నేటి సుల్తాన్ బజార్ ఆస్పత్రి. ఇంకోటి ఆడవాళ్ళ కోసం పెట్టిన జనానా ఆస్పత్రి. మూడోది 1908 మూసీ వరద ముంచేసిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, ఉస్మానియాకు పూర్వరూపం అదే. 1909లో ఆమె ఎడిన్‌బరో కూడా వెళ్ళారు. మత్తు వైద్యానికి అప్పట్లో వేరే కోర్సు లేదు, ఇంగ్లండులో మొదటి డిప్లొమా వచ్చిందే 1935లో. అందుకని ఈ పనికి అక్కరకొచ్చే భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని వచ్చారు. ఉద్యోగం, పేరు ఉన్న డాక్టరు మళ్ళీ క్లాసులో కూర్చోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్ ఆమే అంటుంటారు. ఈ ‘తొలి’ పోటీల మీద నాకంత మోజు లేదు, రేపు ఎవరో ఇంకో పేరు తెచ్చి వాదిస్తారు. ఆ బిరుదు లేకపోయినా ఆమె చేసిన పని తగ్గదు. పైగా మత్తు డాక్టరు పేరు ఎవరికీ గుర్తుండదు. డిశ్చార్జి రోజు స్వీట్ డబ్బా సర్జన్‌కే వెళ్తుంది. కనీసం థియేటర్ గుమ్మం మీదైనా మత్తు ఇచ్చే మనిషి పేరు ఉండాలని అందుకే నా కోరిక.

ఆమె తెలుగామె కాదు కదా అని ఎవరైనా అడ్డుపడొచ్చు. గుంటూరులో అన్నా సారా కుగ్లర్ అమెరికా మనిషి. 1883లో వచ్చి, 1898లో ఆస్పత్రి తెరిచారు, జనం దాన్ని కుగ్లర్ ఆస్పత్రి అనే పిలుచుకున్నారు. మలేరియా పరిశోధన చేసిన రొనాల్డ్ రాస్ పేరుతో మన బేగంపేటలోనే సంస్థ ఉంది. రూపా బాయి అయితే ఇక్కడే చదివి, ఇక్కడే పనిచేసిన మనిషి.

ఎడిన్‌బరో యూనివర్సిటీ 2019లో, ఆనాడు వెనక్కి పంపిన ఏడుగురికి మరణానంతరం గౌరవ డిగ్రీలు ఇచ్చింది. మనం రూపా బాయికి పట్టా అప్పుడే ఇచ్చాం కాబట్టి మన పని ఇంకా సులువు. వైద్యశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఉస్మానియా పూర్వ విద్యార్థులు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో నాలుగు వాక్యాలు రాసిపెట్టాలి. థియేటర్ల బోర్డులకు ఆర్డర్ ఇచ్చేలోగా పేరు ఖాయం చేస్తే అదనపు ఖర్చు కూడా ఉండదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
బర్కత్‌పురా, హైదరాబాద్